కుక్కకూనకు శుచి నేర్పుట



మా బిచ్కుంద ప్రాంతమున ఇంటికావలికై మగకూనను దెచ్చి పెంచువారు కలరు. అది నట్టింట మూత్రము విడిచెనని కొట్టుదురు. ముక్కును ఆ తడిలో రాయుదురు. కొందఱు విసిగి వీధిపాలు చేయుదురు. ఇది న్యాయమా?

ఆంధ్ర మహాభారతమున, ఆదిపర్వమున, నన్నయభట్టు సరమ కథను చెప్పినాడు. జనమేజయుని యజ్ఞభూమికి ఆడుకొనవచ్చిన సారమేయుని రాజసోదరులు నిష్కారణముగా కొట్టిరి. తల్లి సరమ రాజును సమీపించి, నిరపరాధులకు కీడు చేసినవారికి అనుకోని భయములు వచ్చునని పలికి పోయెను.

మన కూనయు నట్టిదే. మూడు నెలల కూన పగటివేళ మూడు నాలుగు గంటలకు మించి మూత్రము నాపుకొనజాలదు. గడచినపిదప కొట్టినచో, దెబ్బ దేనికో దానికి తెలియదు. యజమానుని చూచి భయపడుటయు, చాటున విడుచుటయు మాత్రమే నేర్చును.

కావున నిద్ర లేచినతోడనే, తిన్నపిదప, ఆడినపిదప, రాత్రి పండుకొనుటకు ముందు, దొడ్డిలో ఒకే తావునకు కొనిపొండు. పని ముగించిన క్షణముననే మెచ్చుకొని జొన్నరొట్టె ముక్క నిండు. ఇంట తడిసిన చోటును వాసన పోవునట్లు కడుగుడు. వాసన మిగిలినచో మరల నచ్చటికే వచ్చును.

ఆఱు నెలలు దాటినపిదప మగకూన స్తంభములకడ కాలెత్త మొదలిడును. అది తన యెల్లను తెలుపు గుఱుతే కాని పొగరు కాదు. అప్పుడును ఓర్పుతో దొడ్డికే మరలింపుడు. మూడవ నెల నిండగనే పశువైద్యశాలలో పిచ్చికుక్క రోగమునకు టీకా వేయించుట మఱవకుడు.

మాటరాని ప్రాణికి దండనకన్న ముందు దారి చూపుట పెద్దల ధర్మము.