పరకల లెక్క మాది



2016లో సర్కారు ఉచిత చాప పిల్లల పంపిణీ మొదలుపెట్టినంక మా చెరువులో రవ్వలు, బొచ్చెలు పెరిగినయి. ఎండాకాలం వల లాగితే పెద్ద చాపలు బేరగాడు తీసుకపోతడు. పరకలు మాత్రం గట్టు మీదనే కుళ్లిపోయేవి.

సంఘం అప్పుతో మేము వాటిని ఎండబెట్టినం. మొదటిసారి నేల మీద ఆరబోస్తే ఇసుక అంటి ఎవరూ కొనలేదు. ఇప్పుడు కడుపు తీసి, కడిగి, నాలుగు కిలోలకు కిలో ఉప్పు పట్టించి, మంచాల మీద వల పరిచి ఎండబెడుతున్నాం. పైన ఇంకో వల కప్పితే కాకులు ముట్టవు. తలకాయలు పులుసుకు, పేగులు, పొలుసులు పెంటకుప్పలో పూడ్చి చేనుకు.

పెద్ద చాపల లెక్క మగవాళ్లది, పరకల లెక్క మాది. ఆ పైసలతోనే కిస్తీలు కడుతున్నాం. పాకాల అయినా, మీ ఊరి కుంట అయినా, ఒడ్డున పారబోసేది ముందు చూడండి.