పాప జుట్టు – తల్లి తప్పా?

(రేడియో ప్రసంగ పాఠం)



మొన్న నారాయణఖేడులో మా ఆడబిడ్డ ఇంటికి వెళ్ళాను. ఆమె రెండో కూతురికి నాలుగేళ్ళు. ఝరాసంగంలో పుట్టువెంట్రుకలు తీయించి మూడేళ్ళయినా జుట్టు వేలెడు పొడవు మించలేదు. ఉన్నది కూడా ఉన్నిలా ఉంగరాలు తిరిగి, పలచగా ఉంది. “ఎన్ని నూనెలు పెట్టినా వస్తలేదు వదినా! కడుపుతో ఉన్నప్పుడు సరిగ్గ తినలేదని అత్త నన్నే అంటది” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ అత్త పరాయిది కాదు, స్వయానా మేనత్త.

హైదరాబాదులో చర్మవ్యాధుల డాక్టరుకు చూపించాం. పరీక్షలయ్యాక, “ఇది జన్యువు లోపం. నూనె తప్పూ కాదు, తల్లి తప్పూ కాదు” అన్నారు. ఆ సంగతే మీతో చెబుతాను.

మన శరీరంలోని ప్రతి కణం చుట్టూ కొవ్వుతో కట్టిన పల్చని పొర ఉంటుంది. ఆ కొవ్వు అణువుకు రెండు తోకలు – రెండు జడలు వేసుకున్న పిల్లలాగా. ఒక ఎంజైము కత్తెరలా ఒక జడను కత్తిరిస్తే ఒంటిజడది మిగులుతుంది. దానినే లైసోఫాస్ఫోలిపిడ్ అంటారు. పేరు నోరు తిరగదు గాని, ఇది కణాల మధ్య కబురు మోసే మనిషి. కబురు అందుకోవడానికి కణం మీద తలుపు గంట వంటిది ఉంటుంది. అదే రిసెప్టర్. గంట నొక్కితే లోపల కణం పనిలోకి దిగుతుంది. గాయం మానడంలో, పిండం ఎదగడంలో ఇలాంటి గంటలకు పని ఉంది. జుట్టు కుదురులోనూ ఒకటుంది.

రష్యాలో వోల్గా ప్రాంతపు కుటుంబాలను పరిశీలించి, జుట్టు పెరగని పిల్లల్లో ఆ కత్తెరే లోపించిందని 2006లో కనుగొన్నారు. 2008లో సౌదీ, పాకిస్తాన్ కుటుంబాలను చూసిన శాస్త్రజ్ఞులకు గంటలోనే లోపం కనిపించింది. కబురు పుట్టకపోయినా, పుట్టిన కబురు అందకపోయినా ఫలితం ఒక్కటే – జుట్టు సరిగా ఎదగదు. తెలివికీ, ఆరోగ్యానికీ ఏ లోటూ ఉండదు.

ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులుగా వస్తుంది: అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒక్కటి చెడితే ఏమీ తెలియదు, జుట్టు బాగానే ఉంటుంది. రెండూ చెడితేనే లోపం బయటపడుతుంది. మేనరికంలో ఒకే తాత, అమ్మమ్మల నుంచి ఆ చెడిన ప్రతి రెండు వైపులా దిగి వచ్చే వీలు ఎక్కువ. తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ అది ఉంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. “ఒకరికి వచ్చింది కదా, ఇక రాదులే” అనుకోవద్దు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్ళీ మొదలే.

అలాగని పసిపిల్లకు జుట్టు పలచగా ఉంటే హడలిపోకండి. చాలామందికి రెండు మూడేళ్ళలో అదే వస్తుంది. ఈ జబ్బు అరుదు. అనుమానముంటే ముందు డాక్టరుకు చూపించండి. ఊరికే మాటిమాటికీ గుండు చేయించినా, ఆకుపసర్లు రుద్దినా కుదురులోని గంట మోగదు. జన్యు సలహాకు హైదరాబాదు నిమ్స్‌లో ప్రత్యేక విభాగం ఉంది.

తిరిగి వెళ్ళి అత్తగారికి ఇదంతా విడమరిచి చెప్పాను. ఆవిడ జడ ఈ వయసులోనూ నడుము దాటుతుంది. “మరి నాలోనూ ఆ చెడ్డది ఉన్నట్టేనా?” అన్నది. “ఉండే ఉంటుంది పెద్దమ్మా! మీ పుట్టింటి నుంచే ఇటు మీ అబ్బాయికీ, అటు మీ మేనకోడలికీ వచ్చి ఉంటుంది. మా వారిలోనూ ఉండొచ్చు” అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత మనవరాలిని ఒళ్ళోకి తీసుకుంది.

వాళ్ళ పెద్దపిల్లను మా వాడికే అని ఇన్నాళ్ళూ వేళాకోళానికి అనుకునేవాళ్ళం. ఇక ఆ మాట అననే అనం. మీ ఇళ్ళలోనూ మేనరికం మాట వస్తే, ముహూర్తం కన్నా ముందు డాక్టరును అడగండి.