మన అక్షరాలకో గాదె



మన సవర భాషకు గిడుగు రామమూర్తి గారు నిఘంటువు కూర్చారు. 1936లో మంగేయి గొమాంగో సొరాంగ్ సొంపెంగ్ లిపిని రూపొందించారు. 2012లో అది యూనికోడ్‌లో చేరింది. అయినా ఫాంటు లేని కంప్యూటర్లో మన అక్షరాలు ఖాళీ గడులే. పలాసలో ఒకరు, టెక్కలిలో ఒకరు ఎవరికి వారు సర్దుకుంటే పుస్తకం ఊరికో రకంగా వస్తుంది.

అందుకే, పుస్తకాల కూర్పుకు వాడే టెక్ లైవ్‌కు మన సొంత రిపోజిటరీ పెట్టుకుందాం. అంటే ప్యాకేజీల గాదె. ఉచితంగా దొరికే నోటో ఫాంటునూ, పేజీ అమరిక ఫైలునూ ప్యాకేజీగా కట్టి, వాటి జాబితాతో ఒక ఫోల్డర్లో ఉంచాలి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నా చాలు, ఉద్దానంలో నెట్ అందని ఇంట్లోనూ ఎక్కుతుంది. టెక్ లైవ్‌కు ఆ చోటు చూపడమే కాదు, మన ప్యాకేజీని అక్కడి నుంచే తీసుకోమని ‘పిన్’ చెయ్యాలి. లేకుంటే పట్టించుకోదు. మార్చినప్పుడల్లా రివిజన్ నంబరు పెంచాలి.

గాదె ఒక్కటైతే పుస్తకం ఎక్కడ కూర్చినా ఒకేలా వస్తుంది. మన కథలు మనమే అచ్చువేద్దాం.