చేతి కంప్యూటరు డబ్బా ఎట్లా ఉండాలి?
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చేతిలో పట్టే కంప్యూటరు కేసు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. కేసు అంటే కోర్టు కేసు కాదు, పై డబ్బా! అది సన్నగా, నాజూగ్గా ఉండాలని పిల్లలంటారు. జారకుండా ఉండాలి, అక్షరం కనబడాలి అని మనమంటాం. ఇది సోకుల తగాదా కాదు.

బెంగుళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు, ఎన్‌కోర్ ఇంజనీర్లు కలిసి 2001లో సింప్యూటర్‌ను చూపించారు. కీబోర్డు లేదు, పుల్లతో తాకితే చాలు. ఒకే యంత్రం పదిమందికి. ఎవరి స్మార్టు కార్డు వారు దోపితే ఎవరి లెక్క వారిది. అందుకే డబ్బాలో కార్డుకు చోటు పెట్టారు. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ వారు 'అమిడా' పేరుతో తయారుచేశారు. అనుకున్నంతగా అమ్ముడుపోలేదు గాని, వాడేవాడిని ముందు తలచుకున్న యంత్రమది.

2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది. బ్రతికున్నామని వేలిముద్రతో రుజువు చేసుకునే వీలు కలిగింది. మరి మిరపకాయల తొడిమలు తీసి అరిగిన వేళ్ళ సంగతేమిటి? వణికే చేతి సంగతేమిటి? వేలు కుదురుగా ఆనే గుంట, చేతికి ఆసరా డబ్బాలోనే ఉండాలి. 2021లో ముఖం చూసి గుర్తించే పద్ధతి వచ్చినా, ఫోను కదలకుండా పట్టాలిగదా!

కనుక ఏ యంత్రమైనా నరసరావుపేట, గురజాల, మాచర్లలకు పంపేముందు, డెబ్బై దాటిన పదిమంది చేతికిచ్చి చూడమని ప్రభుత్వాన్ని కోరుతూ తీర్మానం చేయవలసిందిగా సభవారిని ప్రార్థిస్తూ, సెలవు తీసుకుంటున్నాను.