కళసూబాయి కొండకు

(ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భమున పూర్వ విద్యార్థుల సమావేశంలో, పాఠశాల విశ్రాంత భూగోళ శాస్త్రోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠం)



ఈ పాఠశాలకు డెబ్బది అయిదేళ్ళు నిండిన శుభసమయంలో పాఠశాల చరిత్రను గురించి మాట్లాడమని కార్యదర్శిగారు కోరినారు. ఆ పని నాకన్న సమర్థులు చేయగలరు. నేను ముప్పది ఏళ్ళకు పైగా ఇక్కడ భూగోళం చెప్పినవాణ్ణి. కనుక ఒక కొండను గురించి మాట్లాడుటకు అనుమతి తీసుకొన్నాను. ఆ కొండ మీద నేను చేసిన ఒక పొరపాటు ఉన్నది. ఆ పొరపాటునకును, ఈ సంవత్సరం మనం తలపెట్టిన ఒక కార్యక్రమానికిని సంబంధమున్నది.

మన దేశంలో ఎత్తైన శిఖరమేది అను ప్రశ్నకు నా జీవితకాలంలోనే సమాధానం మారినది. నేను ఇదే పాఠశాలలో విద్యార్థిగా ఉన్న రోజుల్లో సిక్కిం భారతదేశంలో భాగం కాదు. అప్పుడు కాంచనగంగ మనది కాదు. 1975లో సిక్కిం మన రాష్ట్రమైన తరువాత నేపాలు సరిహద్దున ఉన్న 8,586 మీటర్ల కాంచనగంగ మన పాఠంలోనికి వచ్చినది. కే-2 శిఖరం 8,611 మీటర్లు. అది పాకిస్తాను ఆక్రమణలో ఉన్న భూభాగంలో ఉన్నది. పూర్తిగా మన నేల మీదనే ఉన్నది నందాదేవి, 7,816 మీటర్లు. ఈ మూడింటిలో ఏది వ్రాసినను మార్కులు వేయవలసివచ్చెడిది. పరీక్షా పత్రములు దిద్దువారి కష్టం దిద్దువారికే తెలియును.

కాని కాంచనగంగ ఎక్కుట మనబోటి వారి పని కాదు. ఆదివారం నాడు టిఫిను డబ్బా పట్టుకొని వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరగల శిఖరాలు మన రాష్ట్రాలలో ఉన్నవి. తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన ప్రదేశాలనే చూడండి. తమిళనాట నీలగిరులలో దొడ్డబెట్ట 2,637 మీటర్లు. దాని నెత్తి మీదికి మోటారు వెళ్ళును. కర్ణాటకలో చిక్కమగళూరు వద్ద ముళ్ళయ్యనగిరి సుమారు 1,930 మీటర్లు. ఒడిశాలో కోరాపుట్ జిల్లాలోని దేవమాలి 1,672 మీటర్లు. అక్కడి తూర్పు కనుమలలోని ఖొండలైటు శిలకు ఆ పేరు ఖోండు గిరిజనుల నుండి వచ్చినది. యానాంలో కొండ లేదు. వారికి గోదావరి ఉన్నది, చాలును. ఇక మన మహారాష్ట్రలో 1,646 మీటర్ల కళసూబాయి. అహమద్‌నగర్ జిల్లా, అకోలే తాలూకా. ఆ జిల్లాకు 2024లో అహల్యానగర్ అని పేరు మార్చినారు.

కళసూబాయి ఒక ఆడపిల్ల పేరు. కొండ క్రింది కోలీలు చెప్పుకొను కథ ఇది. కళసూ అను పిల్ల ఒక ఇంట పనికి కుదిరినది. కుదురునప్పుడే అంట్లు తోమను, ఊడ్వను అని షరతు పెట్టినది. ఒకనాడు ఆ పనే చేయమని నిర్బంధించగా, విసుగు చెంది కొండ ఎక్కి మరల దిగి రాలేదు. శిఖరం మీద ఆమెకు చిన్న గుడి ఉన్నది. నవరాత్రులలో చుట్టుప్రక్కల గ్రామాల ప్రజలు వందలాదిగా ఎక్కుదురు. వారిలో ముసలమ్మలు మన యువకులకన్న ముందు శిఖరం చేరుట నేను స్వయముగా చూచినాను.

భూగోళ మాస్టారిని కనుక ఒక్క మాట రాతిని గురించి చెప్పక తప్పదు. దక్కను పీఠభూమి రాతిని దక్కన్ ట్రాప్ అందురు. ట్రాప్ అనగా ఉచ్చు కాదు. స్వీడిష్ భాషలో మెట్టు అను అర్థమిచ్చు మాట నుండి వచ్చినది. సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరముల క్రిందట లావా పొర మీద పొరగా పారి గడ్డకట్టినది. గట్టి పొర నిటారుగా నిలిచినది, మెత్తని పొర వాలుగా అరిగినది. అందుచేత కళసూబాయి ఎక్కువానికి కొంత దూరం వాలుగా నడక, అటుపై నిలువునా ఒక గోడ, మరల నడక, మరల గోడ. ఆ గోడల వద్దనే ఇనుప గొలుసులు, నిచ్చెనలు అమర్చినారు. నిచ్చెన ఎక్కడ వచ్చిననూ అక్కడ ఒక గట్టి లావా పొర వచ్చినదని అర్థము. తరగతి గదిలో నల్లబల్ల మీద పది మారులు బొమ్మ గీసినను బుర్రకెక్కని ఈ సంగతి, ఆ నిచ్చెన మీద నిలబడిన పిల్లవానికి ఒక్క క్షణంలో తెలియును.

ఇక అసలు విషయానికి వచ్చెదను.

1987 డిసెంబరు. అప్పటికి ఈ నగరం ఇంకను బొంబాయి. 1982 నాటి గిర్నీ కార్మికుల సమ్మె తరువాత మన చాల్‌లలో ఎన్ని పొయ్యిలు సరిగా వెలిగినవో పెద్దలకు జ్ఞాపకముండును. అటువంటి రోజులలో తొమ్మిదవ తరగతి పిల్లలను కళసూబాయి తీసుకొనివెళ్ళుటకు సంకల్పించినాను. కసారా వరకు లోకల్ రైలు, అక్కడ నుండి ఎస్.టి. బస్సు. తలకు కొద్దిపాటి రూపాయలే అయినను, కొందరు తండ్రులు ఆ డబ్బు రెండు విడతలుగా ఇచ్చినారు.

ఆ తరగతిలో ఒక అమ్మాయి ఉండెడిది. పేరు చెప్పను, ఆమె ఈ సభలోనే కూర్చొని ఉన్నది. సర్వే పటం చూచి సమోన్నత రేఖలు గీయుటలో ఆమెను మించినవారు లేరు. మా ప్రయాణానికి పటం వేసినది ఆమెయే. బారి గ్రామం నుండి శిఖరం వరకు దారి, నిటారు చోట్లలో రేఖలు ఒకదానిపై ఒకటి ఎక్కినట్లు దగ్గరగా గీచి, ప్రక్కన ఎఱ్ఱ పెన్సిలుతో గుర్తు పెట్టినది. తండ్రి అనుమతి కూడ తెచ్చినది. నేను తీసుకొనివెళ్ళలేదు. ఉపాధ్యాయినులు ఎవరును రావడం లేదని, ఆడపిల్లల బాధ్యత వహించలేనని చెప్పినాను. ఉపాధ్యాయినులను రమ్మని నేను అడుగనే లేదు. ఆ నిర్ణయం పాఠశాలది కాదు, కేవలం నాది.

ఆమె ఏడ్వలేదు. “సార్, ఆ కొండ పేరు ఆడపిల్ల పేరే కదా?” అని మాత్రమే అడిగినది. పటం నా చేతికిచ్చి వెళ్ళిపోయినది.

ఆ దినమున బస్సు ఆలస్యమైనది. బారి చేరునప్పటికి పదకొండు గంటలు. నేను ఒక నియమం పెట్టినాను. మధ్యాహ్నం రెండు గంటలకు ఎక్కడ ఉంటే అక్కడ నుండి వెనుదిరగవలెను. డిసెంబరులో ప్రొద్దు త్వరగా క్రుంకును. చీకటిలో గొలుసు పట్టుకొని పిల్లలను దించుట నా వలన కాదు. రెండు గంటలైనది. శిఖరానికి కొంచెం దిగువన ఒక బావి ఉన్నది, అక్కడ ఉన్నాము. పైన గుడి కనబడుచునే ఉన్నది. ఇంక అరగంట నడక. వెనుదిరిగినాము.

పిల్లలు ముఖాలు మాడ్చుకొన్నారు. దిగునప్పుడు వారికి కాంచనగంగ కథ చెప్పినాను. 1955 మే 25వ తేదీన జార్జ్ బాండ్, జో బ్రౌన్ అను ఇద్దరు మొట్టమొదట ఆ శిఖరం చేరినారు. కాని అది సిక్కిం ప్రజలకు దైవసమానము. శిఖరాన్ని పాదంతో తాకబోమని అక్కడి రాజునకు మాట ఇచ్చినందున కొన్ని అడుగుల దిగువనే ఆగిపోయినారు. ఇది విని వెనుక నుండి ఒకడు, “వాళ్ళు ఎక్కగలిగి ఆగినారు సార్, మనము బస్సు రాక ఆగినాము” అన్నాడు. అందరును నవ్వినారు. నేను కూడ నవ్వినాను. నవ్వినవారిలో ఒకరు నేడు మన పూర్వ విద్యార్థుల సంఘం కోశాధికారి.

వెనుదిరిగినందుకు నాకు ఏనాడును విచారం లేదు. ఆ పటం వేసిన అమ్మాయిని దింపివేసినందుకు విచారం కలిగినది. కాని అది కలుగుటకు చాల కాలం పట్టినది.

2014 మే 25వ తేదీన నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మలావత్ పూర్ణ అను బాలిక, పదమూడేళ్ళ పదకొండు నెలల వయస్సులో, టిబెట్టు వైపు నుండి ఎవరెస్టు ఎక్కినది. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఆమె చదివినది సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో. ఆమెతోపాటు ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ అను బాలుడు కూడ ఎక్కినాడు. వారి తొలి శిక్షణ మన భువనగిరి బండ మీద జరిగినది. భువనగిరి చుట్టుప్రక్కల ఊళ్ళ నుండి మగ్గాలు విడిచి ఈ నగరానికి వచ్చిన కుటుంబాలు ఈ సభలో ఎన్ని ఉన్నవో నాకు తెలియును. ఆ బండను మన తాతలు మేకలు తోలుకొని ఎక్కినారు. దాని మీద నుండి ఒక ఆడపిల్ల ఎవరెస్టుకు పోవునని మనలో ఎవరు అనుకొన్నారు?

ఆ వార్త వచ్చిన వారంలో నాకొక టెలిఫోను వచ్చినది. “సార్, నా పటం మీ దగ్గర ఉన్నదా?” అని అడిగినది. ఉన్నది. బీరువాలో, ఉద్యోగ విరమణ పత్రాల క్రింద ఉన్నది.

2016 జనవరిలో పూర్వ విద్యార్థులు పదునలుగురు, వారి పిల్లలు, నేను కళసూబాయి వెళ్ళినాము. ఆమె తన కుమార్తెను తీసుకొనివచ్చినది. ఈ మారు తెల్లవారక మునుపే బారిలో నడక మొదలుపెట్టినాము. మోకాళ్ళు సహకరించక నేను మళ్ళీ ఆ బావి వద్దనే ఆగిపోయినాను. అది కూడ ఒక నియమమే. ఎవరి కాలు ఎక్కడ వణకునో అక్కడ ఆగవలెను. తక్కినవారు అతని కొరకు ఎండలో నిలువరాదు. వారు పైకి వెళ్ళి గంటన్నర తరువాత దిగివచ్చినారు. భండారదరా జలాశయం, అలంగ్, మదన్, కులంగ్ కోటలు స్పష్టముగా కనిపించినవని చెప్పినారు. ఆమె నా నుదుట కుంకుమ పెట్టి, “పటంలో ఒక తప్పు ఉన్నది సార్. చివరి గోడను నేను చాల చిన్నదిగా గీచినాను” అన్నది. నేను ఆ రోజుననే క్షమాపణ చెప్పవలసినది. ఊపిరి సరిపోలేదను సాకున చెప్పలేదు. ఈ వేదిక మీద చెప్పుచున్నాను. అమ్మా, ఆ నిర్ణయం తప్పు.

తల్లిదండ్రులకు భయమున్నది. ఉండవలెను కూడ. నెల్లూరు జిల్లాలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో నూట డెబ్బదిరెండు రోజులలో ఏడు ఖండముల ఎత్తైన శిఖరములను ఎక్కినాడు. 2015లో ఆండీస్ పర్వతాలలో మరణించినాడు. కళసూబాయి ఆండీస్ కాదు. అయినప్పటికీ వానకాలంలో దాని రాయి నాచు పట్టి జారును. సెలవు దినాలలో నిచ్చెనల వద్ద త్రోపులాట ఉండును. అందుచేత మనం వానకాలంలో వెళ్ళడం లేదు, ఆదివారం వెళ్ళడం లేదు.

ఈ జూబిలీ సంవత్సరంలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను జనవరి మొదటి వారంలో తీసుకొనివెళ్ళుటకు సంఘం నిశ్చయించినది. ఒకప్పుడు తరగతికి రెండు విభాగాలుండెడివి. నేడు రెండు తరగతులు కలిపిననూ ఒక బస్సు నిండదు. కాబట్టి ఒక్కరిని కూడ వదలిపెట్టు స్థితిలో మనం లేము. ముగ్గురు ఉపాధ్యాయినులు వచ్చుటకు అంగీకరించినారు. దారి చూపుటకు బారి గ్రామస్థులు ఇద్దరుందురు. ఖర్చు సంఘానిది. ప్రతి పిల్లవాడు, ప్రతి పిల్ల రెండు లీటర్ల నీరు, అడుగు జారని బూట్లు తెచ్చుకొనవలెను. తినుబండారాల కవర్లు జేబులోనే తిరిగి తేవలెను. ఉబ్బసం, మూర్ఛ వంటివి ఉన్నచో దాచక ముందే చెప్పవలెను. మధ్యాహ్నం పండ్రెండు గంటలకు ఎక్కడ ఉంటే అక్కడ నుండి వెనుదిరుగుదురు. ఈ మారు గడియారం నా చేతిలో ఉండదు, పటం వేసిన ఆమె చేతిలో ఉండును. బతిమాలి ప్రయోజనం లేదని ఇప్పుడే మనవి చేయుచున్నాను.

నేను బారిలో బస్సు వద్ద కూర్చొందును. అనుమతి పత్రాలు కార్యాలయంలో ఉన్నవి. ఈ నెల ఇరువదవ తేదీలోగా తల్లి గాని తండ్రి గాని వచ్చి సంతకం చేయవలసినదిగా కోరుచు, సెలవు తీసుకొనుచున్నాను.