ఓల్సన్, హార్పర్, అలోన్సో: ఈ ముగ్గురిలో ఎవరు గట్టి?

2024 బేస్‌బాల్ సీజన్ సంగతి ఇది. అమెరికాలో మార్చి 28న మొదలైంది. మొదట్లోనే ఫిలడెల్ఫియాలో ఫిల్లీస్, అట్లాంటా బ్రేవ్స్ ఢీ అంటే ఢీ అన్నాయి. అట్లాంటాలో, న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడే గొడవ షురూ అయిపోయి ఉంటుంది. అందుకే ఈ రోజు ఒక్క పొజిషన్ గురించే మాట్లాడుకుందాం. ఫస్ట్ బేస్. 2024లో బ్రేవ్స్‌కి మ్యాట్ ఓల్సన్, ఫిల్లీస్‌కి బ్రైస్ హార్పర్, న్యూయార్క్ మెట్స్‌కి పీట్ అలోన్సో. మూడు టీములూ ఒకే డివిజన్‌లో ఉన్నాయి, అంటే ఏడాదంతా ఒకరికొకరు ఎదురుపడుతూనే ఉండేవారు.

కొత్తగా చూసేవాళ్ల కోసం ఒక్క నిమిషం. ఫస్ట్ బేస్‌మ్యాన్ పనేంటి? మన క్రికెట్‌లో రనౌట్ చేయాలంటే వికెట్లు పడగొట్టాలి కదా. ఇక్కడ బంతి గ్లవ్‌లో ఉండి, కాలు బేస్ మీద ఉంటే చాలు, పరిగెత్తే బ్యాటర్ అవుట్. గ్రౌండ్ మీద వెళ్లిన బంతిని ఎవరు పట్టినా ఎక్కువసార్లు ఫస్ట్ బేస్‌కే విసురుతారు. త్రో పక్కకి వచ్చినా, నేలకి తగిలి వచ్చినా, కాలు కదలకుండా ఒళ్లంతా సాగదీసి అందుకోవాలి. దానితో పాటు ఈ పొజిషన్‌లో ఉన్నవాడు బ్యాట్‌తో ఉతకాలి. ఉతకకపోతే ఆ ప్లేస్ దక్కదు.

ముందు ఓల్సన్. అట్లాంటా దగ్గర పెరిగిన కుర్రాడు, సొంతూరి టీముకే ఆడుతున్నాడు. 2022 మార్చిలో ఓక్లాండ్ నుంచి ట్రేడ్‌లో వచ్చాడు. వచ్చింది ఎవరి ప్లేస్‌లోకో తెలుసా? ఫ్రెడ్డీ ఫ్రీమన్! 2020లో ఎంవీపీ, 2021లో వరల్డ్ సిరీస్ గెలిచిన మనిషి. ఊరంతా ప్రేమించిన ప్లేయర్ వెళ్లిపోతే ఆ చోట నిలబడటం చిన్న విషయం కాదు. 2023లో ఓల్సన్ 54 హోమ్ రన్స్ కొట్టాడు. బ్రేవ్స్ చరిత్రలో ఒక్క సీజన్‌లో అన్ని ఇంకెవరూ కొట్టలేదు. 139 ఆర్‌బీఐలు. ఆర్‌బీఐ అంటే మన రిజర్వ్ బ్యాంక్ కాదండీ, తన బ్యాటింగ్ వల్ల టీముకి వచ్చిన పరుగులు. ఆధునిక కాలంలో అదీ టీమ్ రికార్డే. పైగా రెండేళ్లూ 162కి 162 మ్యాచ్‌లు ఆడాడు. రెస్ట్ అనే మాటే లేదు.

ఇక హార్పర్. 2015లో, 2021లో ఎంవీపీ. 2019లో 13 ఏళ్లకి 33 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్. కానీ ఈయన అసలు ఔట్‌ఫీల్డర్. మరి ఇక్కడికి ఎలా వచ్చాడు? 2022 నవంబర్‌లో మోచేతికి టామీ జాన్ సర్జరీ అయ్యింది. ఔట్‌ఫీల్డ్ నుంచి దూరం విసరాలి, చేతి మీద భారం ఎక్కువ. ఫస్ట్ బేస్‌లో అంత విసరడం ఉండదు. సరిగ్గా అదే టైమ్‌లో టీమ్ ఫస్ట్ బేస్‌మ్యాన్ రీస్ హాస్కిన్స్‌కి మోకాలి గాయమై 2023 సీజన్ మొత్తం పోయింది. అలా జూలైలో హార్పర్ అక్కడ నిలబడ్డాడు. మొదటి మ్యాచ్‌లోనే బంతి కోసం ఫొటోగ్రాఫర్లు ఉండే చోటులోకి పడిపోతూ క్యాచ్ పట్టాడు! 2024కి హాస్కిన్స్ మిల్వాకీ బ్రూవర్స్‌కి వెళ్లిపోయాడు, హార్పర్ ఫుల్ టైమ్ అయ్యాడు. 2023లో 126 మ్యాచ్‌లే ఆడి 21 హోమ్ రన్స్, యావరేజ్ .293. హోమ్ రన్స్ తక్కువే, కానీ సర్జరీ అయిన ఆర్నెల్లలోపే మే నెలలో బ్యాట్ పట్టాడన్నది మర్చిపోకండి.

మూడో మనిషి అలోన్సో. 2019లో రూకీగా 53 హోమ్ రన్స్, అది రూకీ రికార్డ్. 2019 నుంచి 2023 వరకు మొత్తం 192. 2023లో 46 కొట్టాడు గానీ యావరేజ్ .217కి పడిపోయింది. "అబ్బే, వీడి పని అయిపోయింది" అన్నారు చాలామంది. కొంచెం ఆగండి. జూన్‌లో బ్రేవ్స్ పిచర్ చార్లీ మోర్టన్ విసిరిన బంతి మణికట్టుకి తగిలింది. అప్పటికి 22 హోమ్ రన్స్‌తో లీగ్‌లో అందరికంటే ముందున్నాడు. మణికట్టు దెబ్బ తిన్నాక బ్యాట్ తిప్పడం ఎంత కష్టమో క్రికెట్ ఆడిన ఎవరినైనా అడగండి. ఆ స్థితిలోనూ 46 కొట్టాడు, 118 ఆర్‌బీఐలు తెచ్చాడు.

ఈ ముగ్గురిలో 2024లో ఎక్కువ ఒత్తిడి ఎవరి మీదంటే, నా మాట అలోన్సో మీదే. ఓల్సన్‌కి 8 ఏళ్ల కాంట్రాక్ట్ ఉంది, 16.8 కోట్ల డాలర్లు. హార్పర్‌కి 2031 దాకా దిగుల్లేదు. అలోన్సోకి అప్పుడు ఉన్నది 2024 ఒక్కటే, 2.05 కోట్ల డాలర్లు. సీజన్ అయిపోగానే ఫ్రీ ఏజెంట్ అయ్యాడు. ఏజెంట్ స్కాట్ బోరస్, హార్పర్‌కి 33 కోట్లు ఇప్పించిన మనిషే. అంటే ఆ ఆరు నెలలు అలోన్సో కొట్టే ప్రతి బంతీ తర్వాతి బేరంలో లెక్కకి వచ్చేదే. .217 మళ్లీ రిపీట్ అయితే బేరం దిగిపోయేది.

మరి ఎవరు గట్టి? ఓపీఎస్ అని ఒక లెక్క ఉంది. బేస్ మీదకి ఎంత తరచుగా చేరుతున్నాడు, ఎంత బలంగా కొడుతున్నాడు, ఈ రెండూ కలిపి చూస్తారు. 2023లో ఓల్సన్ .993, హార్పర్ .900, అలోన్సో .821. ఫీల్డింగ్‌లోనూ ఓల్సన్‌కి ఓక్లాండ్‌లో ఉండగా రెండు గోల్డ్ గ్లవ్‌లు వచ్చాయి. సీజన్ మొత్తానికి ఒక్కడినే తీసుకోమంటే ఓల్సనే, డౌట్ లేదు.

కానీ ప్లేఆఫ్స్ సంగతి వేరు. 2022లో, 2023లో రెండుసార్లూ బ్రేవ్స్‌ని ఇంటికి పంపింది ఫిల్లీసే, రెండుసార్లూ 3-1తో. 2023లో బ్రేవ్స్ 104 మ్యాచ్‌లు గెలిచి వచ్చారు, ఫిల్లీస్ 90. అయినా ఆ సిరీస్ నాలుగు మ్యాచ్‌ల్లో కలిపి బ్రేవ్స్ చేసినవి 8 పరుగులే. రెండో మ్యాచ్ ఆఖరి బంతి గుర్తుందా? గోడ దగ్గర మైఖేల్ హారిస్ క్యాచ్ పట్టాడు, ఆస్టిన్ రైలీ నుంచి త్రో ఓల్సన్ గ్లవ్‌లోకి వచ్చింది, వెనక్కి పరిగెత్తుతున్న హార్పర్ అవుట్, మ్యాచ్ అయిపోయింది. బ్రేవ్స్ ఫ్యాన్స్ పండగ చేసుకున్నారు. తర్వాతి మ్యాచ్‌లో అదే హార్పర్ రెండు హోమ్ రన్స్ కొట్టి 10-2తో గెలిపించాడు. అందుకే ఒక్క మ్యాచ్‌కి, చావోరేవో అన్నప్పుడు, నేను హార్పర్‌నే తీసుకుంటాను.

సో ఫ్రెండ్స్, నా లెక్క ఇది: 162 మ్యాచ్‌లకి ఓల్సన్, ఒక్క రాత్రికి హార్పర్, కళ్లు తిప్పకుండా చూడాల్సింది అలోన్సోని. మీరు ఎవరి వైపు? కామెంట్‌లో ఒక్క పేరే రాయండి, ముగ్గురూ అంటే కుదరదు! వీడియో నచ్చితే లైక్ కొట్టండి, మీ గ్రూప్‌లో ఫిల్లీస్ ఫ్యాన్‌కి, బ్రేవ్స్ ఫ్యాన్‌కి ఇద్దరికీ పంపించండి. మిగతా గొడవ వాళ్లే చూసుకుంటారు.