యూదులు లేని వీధిలో యూదుల పండుగ

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం "పండుగలు, జ్ఞాపకాలు". మన పండుగల గురించి నాకంటే మీకే బాగా తెలుసు. అందుకని దూరదేశపు పండుగ ఒకటి ఎంచుకున్నాను. పోలండ్‌లో క్రాకోవ్ అనే పాత నగరం ఉంది. అక్కడ జూన్ చివర, జూలై మొదట్లో యూదు సంస్కృతి ఉత్సవం జరుగుతుంది. యిడ్డిష్ పాటలుంటాయి. క్లెజ్మర్ అనే పెళ్ళి మేళం ఉంటుంది. ఫిడేలు, క్లారినెట్ కలిసి ఏడుస్తూనే నవ్వించే సంగీతం అది. సమాజమందిరాల్లో కచేరీలు, నాట్యం నేర్పే తరగతులు, కాగితం కత్తిరించి అలంకారాలు చేసే తరగతులు, వంటలు, ఉపన్యాసాలు అన్నీ ఉంటాయి. ఎన్నో ఏళ్ళపాటు దీని ముగింపు షెరోకా వీధిలో ఆరుబయట కచేరీతోనే జరిగింది. వేలమంది నిలబడి వినేవారు, అర్ధరాత్రి దాకా ఆడేవారు.

దీన్ని 1988లో మొదలుపెట్టినవాళ్ళు యానుష్ మకూఖ్, క్షిష్టోఫ్ గియెరాత్. ఇద్దరూ యూదులు కారు. వచ్చి వినేవాళ్ళలో కూడా ఎక్కువమంది యూదులు కారు. నేను ఈ పండుగను ఎంచుకున్న కారణం అదే.

యుద్ధానికి ముందు క్రాకోవ్‌లో 60 వేలకు పైగా యూదులుండేవారు. అంటే ఊరిలో దాదాపు నాలుగో వంతు. 1495లో రాజు వాళ్ళను నగరం నుంచి పక్కనున్న కజిమియెజ్‌కు పంపించాడు. అప్పటి నుంచి ఆ పేట వాళ్ళకు ఇల్లయింది. 1941 మార్చిలో జర్మన్లు వాళ్ళను విస్తులా నది అవతల గోడలు కట్టిన ఘెట్టోలోకి తోశారు. 1943 మార్చి 13, 14 తేదీల్లో దాన్ని కూడా ఖాళీ చేయించారు. కొందరిని వీధిలోనే కాల్చారు, కొందరిని పక్కనున్న ప్లాషోవ్ శిబిరానికీ, మిగిలినవాళ్ళను ఆష్విట్జ్‌కూ పంపారు. ఆష్విట్జ్ అక్కడికి 70 కిలోమీటర్ల లోపే. యుద్ధం తర్వాత తిరిగొచ్చిన కొద్దిమందికీ నెమ్మది దొరకలేదు. 1946 జూలైలో కియెల్త్సె పట్టణంలో పొరుగువాళ్ళే 40 మందికి పైగా యూదులను చంపారు. 1968లో కమ్యూనిస్టు ప్రభుత్వమే యూదులపై ప్రచారం లేపితే వేలమంది దేశం విడిచారు. ఉత్సవం మొదలయ్యేనాటికి కజిమియెజ్ గోడలు పెచ్చులూడిన పేదల పేట. సమాజమందిరాలున్నాయి, వాటిలో ప్రార్థించేవాళ్ళు లేరు.

ఇక యిడ్డిష్ గురించి. బాగా చదువుకున్న యూదులే చాలామంది దాన్ని భాష అనడానికి ఒప్పుకోలేదు, సంకర మాట అన్నారు. పునాది జర్మన్, మతానికి సంబంధించిన మాటలు హెబ్రీ నుంచి, వంటింటి మాటలు, సంత మాటలు పోలిష్, ఉక్రేనియన్ వంటి భాషల నుంచి. రాత హెబ్రీ అక్షరాల్లో, కుడి నుంచి ఎడమకు. మగవాళ్ళు లేఖనాలు హెబ్రీలో చదివేవారు. హెబ్రీ రాని స్త్రీల కోసం ధర్మశాస్త్రాన్ని కథలుగా చెప్పిన యిడ్డిష్ పుస్తకం తరతరాలు ఇంటింటా ఉండేది. అందుకే దానికి అమ్మ భాష అని పేరు. హోసూరులోనో, షోలాపూరులోనో, బరంపురంలోనో ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకొకటి, గుడిలో బైబిలు కోసం పట్టుదలగా నేర్చుకున్న అక్షరాలు, ఇవన్నీ మోసినవాళ్ళం మనం. దీన్ని మీకు విడమర్చి చెప్పక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు యిడ్డిష్ మాట్లాడేవాళ్ళు కోటికి పైగా ఉండేవారు. హత్యకు గురైన 60 లక్షల యూదుల్లో అత్యధికులు వాళ్ళే. న్యూయార్క్‌లో, యెరూషలేములో హసీదీ కుటుంబాల పిల్లలు ఇప్పటికీ ఆ భాషలోనే గొడవపడతారు కనుక చచ్చిపోయిన భాష అనకండి. (యూదులంతా యిడ్డిష్ వాళ్ళూ కారు. మహారాష్ట్రలో ఉన్నవాళ్ళకు బెనె ఇశ్రాయేలు వారి మరాఠీ తెలుసు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదుమతం పాటించే తెలుగు కుటుంబాలున్నాయి. ఒకప్పుడు మనలాగే క్రైస్తవ సంఘాల్లో ఉన్న మాదిగ కుటుంబాలు.)

ఆ పాటల్లో కొన్నింటిని రాసినవాడు ఒక వడ్రంగి. పేరు మొర్దెకై గెబిర్తిగ్. ఎస్తేరు గ్రంథంలో ఉన్న మొర్దెకై పేరే. 1877లో క్రాకోవ్‌లో పుట్టి, జీవితమంతా కుర్చీలు, బల్లలు చేసి బతికాడు. సంగీతం రాయడం రాదు. రాగం తనే కడితే తెలిసినవాళ్ళు దాన్ని కాగితం మీద పెట్టేవారు. పసిపిల్లల జోలపాటలు, పనిలేని కూలీ పాటలు, ముసలి దంపతుల పాటలు. పోలండ్‌లోని ప్షిటిక్ పట్టణంలో 1936లో యూదుల మీద దాడి జరిగింది. ఊరు మండుతుంటే చేతులు కట్టుకుని చూస్తున్నారేమని తనవాళ్ళనే అడిగే పాట ఒకటి ఆ తర్వాత రాశాడు. ఆ పాటను ఘెట్టోలో ఎదురు తిరిగిన కుర్రాళ్ళు పాడుకున్నారు. 1942 జూన్ 4న జనాన్ని రైలు దగ్గరికి తోలుతుండగా ఆ వడ్రంగిని వీధిలో కాల్చి చంపారు.

ఆయన పాట ఇప్పుడు ఆయన ఊళ్ళోనే, ఆ భాష తెలియని జనం మధ్య వినిపిస్తోంది. 137వ కీర్తనలో చెరపట్టినవాళ్ళు పాట పాడమని అడిగితే బందీలు వీణలు చెట్లకు తగిలిస్తారు. ఇక్కడ పాడవలసినవాళ్ళు లేరు, అడిగేవాళ్ళే ఉన్నారు. ఇది సరైనదేనా?

కాదన్నవాళ్ళున్నారు, వాళ్ళ మాటలో బలముంది. 1993లో ష్పీల్‌బర్గ్ తన షిండ్లర్ సినిమాను కజిమియెజ్ వీధుల్లో తీశాక యాత్రికులు పెరిగారు. "యూదు" హోటళ్ళు వచ్చాయి. రోజూ సాయంత్రం అదే మేళం, గోడల మీద అవే పాత ఫోటోలు. అంగళ్ళలో నల్లకోటు, గడ్డం ఉన్న చెక్కబొమ్మలు, కొన్నింటి చేతిలో నాణెం. నాణెం లెక్కపెట్టే యూదుడి పటం ఇంట్లో ఉంటే డబ్బు నిలుస్తుందని నమ్మే ఆచారం అక్కడ ఉంది. నాకు ఆ బొమ్మ దగ్గరే కడుపులో దేవినట్టయింది. చంపినప్పుడూ ఆ బొమ్మనే చూపించి చంపారు కదా.

అయినా పండుగను కొట్టిపారేయలేను. ఎందుకంటే అది బొమ్మలమ్మే పని కాదు. న్యూయార్క్ నుంచి, యెరూషలేము నుంచి బతికున్న యూదు కళాకారులనే పిలిచి, వాళ్ళచేత నేర్పించుకుంటుంది. పల్లెల్లో పాడుపడ్డ యూదు శ్మశానాలను కలుపు తీసి, రాళ్ళు నిలబెట్టి కాపాడుతున్న పోలిష్ బడిపంతుళ్ళకు, రైతులకు ఆ రోజుల్లోనే సన్మానం చేసేవారు. 2008లో కజిమియెజ్‌లో యూదు సమాజ కేంద్రం ఒకటి తెరిచారు. ముసలి అమ్మమ్మ చివరి రోజుల్లో "మనం యూదులం" అని చెవిలో చెబితే అప్పుడు తెలిసినవాళ్ళు అక్కడికి వస్తున్నారు. కొన్ని వందల మందే. కానీ పక్క వీధిలో ఆ భాషలో పాడుకుంటూ ఉండకపోతే ఆ అమ్మమ్మలు నోరు విప్పేవారా అని నాకనిపిస్తుంది. ఇది నా ఊహే.

ఇక మనకు చెందిన సంగతి, కొంచెం కష్టమైనది. పోలండ్‌లో, జర్మనీలో, రష్యాలో యూదుల ఇళ్ళ మీదికి జనం వెళ్ళింది తరచుగా మన పరిశుద్ధ వారంలోనే. గుడిలో క్రీస్తు హంతకులు అని విని, బయటికొచ్చి రాయి తీశారు. ఆ నేరం అప్పటి యూదులందరి మీదా, నేటి యూదుల మీదా మోపకూడదని కతోలిక సభ 1965 అక్టోబరు 28న ప్రకటించింది. లూథరు 1543లో యూదుల సమాజమందిరాలు కాల్చమని రాశాడు. నాజీలు దాన్ని వాడుకున్నారు. అమెరికా ఎవాంజెలికల్ లూథరన్ సంఘం 1994లో ఆ రాతలను తిరస్కరించింది. 1842లో గుంటూరుకు హెయర్ దొరగారు వచ్చింది ఆ వంశం సంఘాల నుంచే. మనలో ఎంతోమందికి తాత ముత్తాతల సంఘం అది. ఆ 1994 మాట మన వేదికల మీద ఎంతమంది విన్నారు?

ఇశ్రాయేలు ప్రభుత్వం గాజాలో చేస్తున్న దాని గురించి అడుగుతారని తెలుసు. అడగాలి. నేను కూడా ఇదే వేదిక మీద మాట్లాడాను. ప్రభుత్వాన్ని నిలదీయడానికి వడ్రంగి గెబిర్తిగ్ మనవళ్ళను హంతకులు అనక్కర్లేదు.

నా సంగతి చెప్పి దిగుతాను. శుభ శుక్రవారం ఏడు మాటల్లో ఒకటి పాతికేళ్ళుగా నాకు అప్పగిస్తున్నారు. పోయిన నెల పాత నోట్సు తీసి చూశాను. "యూదులు ఆయనను సిలువ వేసిరి" అని నా చేతిరాతలోనే, కింద గీత గీసి మరీ ఉంది. మొదటి మాట, "తండ్రీ, వీరిని క్షమించుము" అన్న మాట మీద చేసిన ప్రసంగం అది. మేకులు కొట్టింది రోమా సైనికులు. తీర్పు పిలాతుది. ఆయనా యూదుడే, ఆయన తల్లీ యూదురాలే, సిలువ కింద ఏడ్చిన స్త్రీలూ యూదులే. ఆ ప్రసంగం మళ్ళీ రాస్తున్నాను. "యూదులు" అని వచ్చిన ప్రతిచోటా ఆగి, ఎవరు, ఎంతమంది అని పక్కన రాసుకుంటున్నాను. నాలుగు పేజీల్లో రెండే అయ్యాయి.